చెయ్యి పడని తుపాకీ

మా ఇంటి పైవాటాలో ఉండే మాస్టారు దేన్ని చూడాలన్నా ముందు చేతులు రెండూ వెనక్కి కట్టుకునేవారు. పాత తుపాకీ అయినా అంతే, తోపుడుబండి మీద వంకాయలైనా అంతే. నడుం వంచి, కళ్ళజోడు నుదుటిమీదకి తోసుకుని, కుడివైపు నుంచి ఒకసారి, ఎడమవైపు నుంచి ఒకసారి చూసేదాకా చెయ్యి ముందుకు వచ్చేది కాదు. కూరగాయలతను నవ్వేవాడు.

"పట్టుకు చూడండి మాస్టారూ, కరవవండి."

"పట్టుకుంటే నువ్వు జల్లిన నీళ్ళు తెలుస్తాయయ్యా. చూస్తేనే వంకాయ తెలుస్తుంది."

ఆయన పోయిన నెలలో పోయారు. నిద్రలోనే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. మురమళ్ళలో ఉండే ఆయన మేనకోడలు ఈ ఉదయం వచ్చి పైగది తలుపులు తెరిచింది. ఆ గదిలో ఇవాళ జరిగింది మర్చిపోకముందే రాసుకోవాలని మా పాప నిద్రపోయాక కూర్చున్నాను. కానీ అది రాయాలంటే ముందు ఆయన్ని రాయాలి.

అమలాపురం కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. ఇల్లు ఆయనదే. మేం కింద అద్దెకుంటున్నాం. పెళ్ళి చేసుకోలేదు. వేదం చదువుకున్నవాళ్ళ ఇంట్లో పుట్టి, తుపాకుల పిచ్చిలో పడిన మనిషి. చీమని కూడా చంపరు. మా వంటింట్లో కోడిగుడ్డు ఉడికిన రోజు మెట్లు దిగేవారు కాదు. అలాంటాయన రైఫిలు పేరెత్తితే చాలు, కాఫీ చల్లారిపోయేదాకా మాట్లాడేవారు.

అన్ని రైఫిళ్ళూ కాదు, లీవరువి మాత్రమే. పేల్చే మీటకి వెనక వేళ్ళు దూర్చుకోవడానికి ఉంగరంలాంటి ఇనుప పిడి ఉంటుంది. దాన్ని కిందకి తోసి మళ్ళీ పైకి లాగితే తూటా లోపలకి ఎక్కుతుంది. వందేళ్ళు దాటిన అలాంటిదొకటి ఆయన దగ్గరే ఉండేది. వాళ్ళ తాతగారు ఎక్కడో ఒక ఎస్టేటులో చాలా రోజులు పారాయణ చేస్తే, చివర్లో ఆ ఎస్టేటు పెద్దమనిషి శాలువాతోపాటు అది కూడా చేతిలో పెట్టాడట.

"ఆవునివ్వాల్సిన చోట తుపాకీ ఇచ్చేడమ్మా" అనేవారు మాస్టారు. "మా తాతగారు కాదనలేక పుచ్చుకున్నారు. పాలూ లేవు, పేడా లేదు. మూడు తరాలుగా మేపుతున్నాం."

మేపడమంటే లైసెన్సు. తాతగారి తరవాత తండ్రిగారు, ఆయన తరవాత ఈయన. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని దుప్పట్లో చుట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్ళి అప్పగించేవారు. అది తిరిగి వచ్చేదాకా ఆయనకి అన్నం సయించేది కాదు. స్టేషన్లో రైటరు గుర్తు కోసం తుపాకీ కర్రభాగం మీద తెల్లరంగుతో నంబరు వేసేస్తాడేమోనని బెంగ. అందుకని తనే అట్టముక్క మీద నంబరు రాసి, మెత్తటి దారంతో కట్టి ఇచ్చేవారు.

"రంగు మాత్రం పుయ్యకండి బాబూ."

"పుయ్యమండి. పోనీ రోజూ దీపం పెట్టమంటారా మాస్టారూ?" అనేవాట్ట ఆ రైటరు.

అది ఎప్పుడూ పేలలేదు. పేలే అవసరం ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు. అందుకే దాని ఒంటిమీద ఎవరి చెయ్యీ పడలేదని ఆయన గర్వం. గొట్టంమీద నీలం పూత అక్కడక్కడ కాఫీరంగులోకి తిరిగినా, ఆ తిరగడం దానంతట అదే తిరిగింది. కర్ర తయారైన రోజున ఉన్న కర్రే. స్క్రూల గాట్లు కూడా చెదరలేదు. గాటు చెదిరిందంటే ఎవరో చేతకాని స్క్రూడ్రైవరు పెట్టినట్టని ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

ఎక్కడెక్కడివాళ్ళో ఆయనకి ఫోన్లో ఫొటోలు పంపి అడిగేవారు, మా తాతగారి రైఫిలు ఇలా ఉంది, దీనికేమైనా విలువుందా అని. స్పీకరు పెట్టి మాట్లాడేవారు కనక కింద నాకూ వినపడేది. అందరికీ ముందు వేసే ప్రశ్న ఒకటే. "ఏమేం చేసేరు దానికి?" అవతలివాళ్ళు సంబరంగా చెప్పేవారు. కొత్త పూత వేయించాం, కర్ర గీకించి పాలిష్ పెట్టించాం, దుర్బీను బిగించడానికి చిల్లులు వేయించాం, గొట్టం పొడుగ్గా ఉందని కాస్త కోయించాం. ఒక్కొక్కటి వింటున్నకొద్దీ ఆయన ముఖం వాడిపోయేది. కొత్తపేట నుంచి ఒకాయన కొడుకు పెళ్ళికని మొత్తం తుపాకీకి తళతళలాడే నికెల్ పూత వేయించి ఫొటో పంపాడు. మాస్టారు ఆ పూట భోజనం మానేశారు. "బ్యాండుమేళం బాకాలా ఉందమ్మా" అని మాత్రం అన్నారు.

అలాగని మార్పన్నదే జరగకూడదనే మనిషి కాదు. ఒకరి రైఫిలుకి కర్ర మెడ దగ్గర చీలితే, ఎప్పుడో ఎవరో పచ్చితోలు చుట్టి కుట్టారు. తోలు ఎండి బిగుసుకుపోయింది. దాని ఫొటోని చాలాసేపు చూసి, "ఇది దాని బతుకులో తగిలిన దెబ్బ. ఇది ఉండాలి" అన్నారు. వాడుకుంటూ చేసుకున్న మార్పు వేరు, అమ్మడానికి చేసిన అలంకారం వేరు అనేవారు. మొదటిది విలువ తగ్గించినా గౌరవం తగ్గించదట. రెండోది రెండూ తీసేస్తుందట.

ఐ.పోలవరం నుంచి రొయ్యల చెరువులున్న ఒకాయన బీచి తువ్వాల్లో చుట్టుకుని తన తాతగారి రైఫిలు తెచ్చిన రోజు నేను కాఫీ ఇవ్వడానికి పైకి వెళ్ళాను. దాని నడిమిభాగం ఇత్తడిది. తువ్వాలు విప్పగానే గది వెలిగిపోయింది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని వంగారు. వంగినవారు వంగినట్టే ఉండిపోయారు.

"ఎవరు తోమేరండీ దీన్ని?"

"మా అమ్మండి. దసరాకి ఆయుధపూజ చేస్తాం కదండీ. పూజ సామానుతోపాటు దీన్నీ చింతపండేసి తోముద్దండి. బంగారంలా లేదాండీ?"

"ఆయ్. బంగారంలాగే ఉంది. తుపాకీలాగే లేదు."

తయారుచేసినవాళ్ళ అక్షరాలు అరిగి నున్నబడిపోయాయి. నంబరులో సగం లేదు. కర్రమీద ప్రతి ఏడూ పెట్టిన కుంకుమబొట్టు లోపలికంటా ఇంకి ఎర్రటి మచ్చ కట్టింది. ఇత్తడికి వయసుతో వచ్చే ముదురురంగే దాని సాక్ష్యమనీ, అది చింతపండుతో కాలవలో కలిసిపోయిందనీ మాస్టారు నెమ్మదిగా చెప్పారు. రైఫిలు తెచ్చినాయన ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"పోనీ మళ్ళీ నల్లబడేలా ఏదన్నా రాసేద్దామాండీ?"

"ఆ పని మాత్రం చెయ్యకండి. పోవడం ఒక తప్పు. పోలేదని దానిచేత అబద్ధం చెప్పించడం ఇంకో తప్పు." తరవాత అడిగారు. "అమ్మగారు ఇంకా తోముతున్నారా?"

"తోముద్దండి. వద్దన్నా ఊరుకోదండి."

"అయితే అమ్మకండి. ఆవిణ్ణి తోముకోనివ్వండి. బయట దీనికి విలువ లేదు. మీ ఇంట్లో ఉంది."

ఆయన మాటలన్నీ ఆ భాషలోనే ఉండేవి. మా అత్తగారు జుట్టుకి రంగేసుకుని వస్తే నా చెవిలో "కొత్త పూత" అన్నారు. మా పాప పుట్టి, పుట్టింటి నుంచి తీసుకొచ్చిన రోజు కిందకి దిగివచ్చి, ఊయల పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, అరికాళ్ళ నుంచి మాడు దాకా చూసి తేల్చారు. "ఎక్కడా చెయ్యి పడలేదు. అంతా ఒరిజినలే." దాని చెవులు కుట్టించిన రోజు మాత్రం నాతో మాట్లాడలేదు.

"రెండు చిల్లులు పెట్టించేరు కదమ్మా!"

"ఆడపిల్ల కదండీ మాస్టారూ."

సాయంత్రానికి ఆయనే వచ్చి బుల్లి బంగారు పోగులు చేతిలో పెట్టారు. "సరే. తయారుచేసినవాళ్ళు కూడా ఒప్పుకునే మార్పులు కొన్నుంటాయి" అన్నారు.

పాప నడక నేర్చాక మొట్టమొదట ఎక్కింది ఆయన మెట్లే. సాయంత్రమయ్యేసరికి నాలుగు కాళ్ళమీద పాకుతూ పైకి పోయేది. ఆయన పడక్కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుతుంటే కింద కూర్చుని చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ ఆడుకునేది. అక్కడే నాకు భయం మొదలైంది. ఆ పడక్కుర్చీ వెనకే టేకు బీరువా. అందులోనే తుపాకీ.

ఆ బీరువాకి ఎప్పుడూ తాళం ఉంటుంది. తాళంచెవి ఆయన జంధ్యానికే ఉంటుంది. ఇంట్లో ఒక్క తూటా కూడా లేదు. ఇవన్నీ నాకు తెలుసు. డిగ్రీ చదివినదాన్ని, లెక్క చెప్తే అర్థమవుతుంది. కానీ ఏదో ఊళ్ళో పిల్లాడి చేతిలో తుపాకీ పేలిందని పేపర్లో చదివిన పూట ఆ లెక్కలేవీ పనిచెయ్యవు. పాప పైన నవ్వితే కింద నా చేతిలో గరిటె ఆగిపోయేది. మా ఆయనతో ఇల్లు మారదామన్నాను.

"తూటాలే లేవే బాబూ! తూటా లేనిది కర్రముక్కతో సమానం" అన్నారాయన.

"కర్రముక్కయితే తాళమెందుకు వేశారు?" అన్నాను.

ఒకరోజు ఉండబట్టలేక మాస్టారినే అడిగేశాను.

"మాస్టారూ, అది ఇప్పటికీ పేలుతుందాండీ?"

ఆయన ముఖం వెలిగింది. "ఎందుకు పేలదమ్మా! సుబ్బరంగా పేలుతుంది. లోపల ఒక్క ముక్క మారలేదు. తయారైన రోజున ఎలా ఉందో అలా ఉంది." అంటూ నావైపు చూశారు. చూసి, మాట ఆపేశారు. పాపని ఎత్తుకుని నేను కిందకి వచ్చేశాను.

ఆ తరవాత సాయంత్రాలు మెట్లకి అడ్డంగా బల్ల పెట్టడం మొదలుపెట్టాను. పాప ఆ బల్ల పట్టుకుని "మాత్తాలూ" అని అరిచేది. పైనుంచి ఆయన పడక్కుర్చీ కిర్రుమన్న చప్పుడు మాత్రం వినపడేది.

ఇక్కడ ఆయన సంగతి కూడా చెప్పాలి. ఆ రైఫిలు తన తరవాత ఏమవుతుందనేదే ఆయనకున్న ఒకే ఒక్క దిగులు. లైసెన్సు తీసుకునేవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. మేనకోడలి భర్త గుళ్ళో అర్చకులు. "అభిషేకం చేసే చేత్తో అదేం పట్టుకుంటానండీ మావయ్యగారూ" అని దణ్ణం పెట్టేశారు. ఎవరూ తీసుకోకపోతే అది పోలీసుల గదిలో ఓ మూల తుప్పు పట్టిపోతుంది. పాత రైఫిళ్ళు సేకరించే ఒక డాక్టరుగారు హైదరాబాదులో ఉన్నారు. ఆయన చూసి ముచ్చటపడి, మాస్టారు ఉండగానే తీసుకెళ్ళి అద్దాల అరలో దాని సాటివాటి మధ్య పెట్టుకుంటానని మాటిచ్చారు. షరతు ఒకటే. ఇప్పుడెలా ఉందో అలాగే ఉండాలి. చేయించిన మార్పు ఒక్కటి కనబడినా తనకి వద్దు. మాస్టారికి అంతకన్నా కావలసిందేముంది? ఆ మాట ఎన్నిసార్లు చెప్పి మురిసిపోయారో!

రెండేళ్ళ కిందట కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున్నే మాస్టారు కారు మాట్లాడుకుని మేనకోడలి భర్తతో కాకినాడ వెళ్ళారు. దుప్పటి చుట్ట ఒళ్ళో ఉంది. ఎలక్షన్లేవీ లేవే అనుకున్నాను. చీకటిపడే వేళకి తిరిగివచ్చారు. దుప్పటి చుట్టతో మెట్లెక్కుతూ బల్ల దగ్గర ఆగి, దాన్ని దాటకుండా, "తీసేయొచ్చమ్మా ఇంక" అన్నారు. ఆయాసపడుతున్నారు కదా అని ఆయనకి దారి కోసం తీసి, మళ్ళీ పెట్టేశాను. ఆయన అన్నది వేరే అని అప్పటికి తెలియలేదు.

తెలిసింది సంక్రాంతి ముందు, డాక్టరుగారు రైఫిలు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు. కాఫీలు తీసుకుని నేను గుమ్మంలోకి వెళ్ళేసరికి ఆయన తెల్లగుడ్డ మీద దాన్ని పెట్టి, లీవరు కిందకి తోసి, చిన్న టార్చిలైటు వేసి లోపలకి చూస్తున్నారు. చూస్తూ చూస్తూ టార్చి ఆర్పేశారు.

"ఏంటండీ ఇది? తూటా కూచునే చోట ఇనుప కడ్డీ దిగేసి ఉంది. వెల్డింగ్ కూడా చేశారు!"

"ఆయ్. కాకినాడలో లైసెన్సున్న షాపులో చేయించేను. స్టేషన్లో కాగితాలన్నీ ఇచ్చేకే."

"తూటాని పేల్చే సూది కూడా లేదు."

"తీయించేసేను. ఇంక అది పేలదండి."

"అయ్యో మాస్టారూ! అంతగా కావాలనుకుంటే ఆ సూదొక్కటీ తీసి దాచుకోవాల్సింది. ఏమీ పాడయ్యేది కాదు. కావాలంటే మళ్ళీ పెట్టుకునేవాళ్ళం. మీకు తెలియని విషయమా?"

"తెలుసండీ. షాపువాడు కూడా అదే చెప్పేడు. కానీ కింద చిన్నపిల్ల తల్లి ఉంది. మళ్ళీ పెట్టుకోగలిగినదేదీ తల్లి భయం తీర్చదు."

నేను కాఫీ పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. మాస్టారు నావైపు చూడలేదు. డాక్టరుగారు చూశారు. ఆయన తల అడ్డంగా ఊపుతూ, "విలువంతా పోయిందండి" అన్నారు.

"ఆయ్, పోయింది" అన్నారు మాస్టారు, రేపు వానొస్తుందన్నంత మామూలుగా.

డాక్టరుగారు కాఫీ తాగకుండానే వెళ్ళిపోయారు. కోపంతో కాదు, నిజంగా బాధపడి. కారు సందు తిరిగేదాకా మాస్టారు కిటికీ దగ్గరే నిలబడ్డారు. పళ్ళెం కింద పెట్టి అడిగాను.

"నాకోసం ఎందుకు చేశారండీ? ఒక్క మాట చెప్పుంటే వద్దనేదాన్ని కదా."

"వద్దంటావనే చెప్పలేదు. అయినా నీకోసమని ఎవరన్నారు? సాయంత్రాలు నాకు తోచట్లేదమ్మా. దాన్ని పంపించు."

పంపించాను. ఆ రోజు నుంచీ నా గరిటె ఆగలేదు. మాస్టారు రైఫిలుని బీరువాలోంచి తీసి, గోడకి రెండు కొయ్య మేకులు కొట్టించి వాటిమీద పెట్టారు. అంతకుముందు దానికి గాలి తగలడమే నేను చూడలేదు. ఒకసారి చూద్దును కదా, గొట్టానికి పాప తడిసిన గౌను ఆరేసి ఉంది. కంగారుగా తియ్యబోతే, "ఉండనీ. ఇన్నాళ్ళకి అది ఒక పనికొచ్చింది" అన్నారు. ఏ గొట్టంమీదైనా వేలిముద్ర పడితే విలవిల్లాడే మనిషి! ఫోన్లో ఫొటోలు పంపేవాళ్ళకి మాత్రం చివరిదాకా అదే కఠినంగా చెప్పేవారు. పూత వెయ్యకండి, గీకకండి, చిల్లులు పెట్టకండి. "మరి మీది ఎలా ఉందండీ మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "నాది పాడుచేసేనండి" అనేవారు. అదేమిటోగానీ ఆ మాట అనేటప్పుడు ఆయన గొంతులో దిగులుండేది కాదు.

ఈ ఉదయం మేనకోడలు తలుపులు తెరిచిన కాసేపటికి బయటనించి కారు చప్పుడు వినిపించింది. డాక్టరుగారు. కబురు ఆలస్యంగా తెలిసిందట, పలకరించి వెళదామని వచ్చారు. మేనకోడలు ఆయన్ని పైకి తీసుకెళ్ళింది. పాప వాళ్ళ వెనకే పరిగెత్తింది. దాని వెనక నేను.

ఆయన గోడమీది రైఫిలు ముందు చాలాసేపు నిలబడ్డారు. తరవాత మేనకోడల్ని అడిగారు.

"దీన్ని ఏం చేద్దామనుకుంటున్నారమ్మా?"

"ఏం తోచట్లేదండీ. స్టేషన్‌కి ఇచ్చేద్దామనుకుంటున్నాం. మా ఇంట్లో పెట్టుకోలేం."

"నాకివ్వండి. కాగితాల పని నేను చూసుకుంటాను."

"మీరు వద్దన్నారు కదండీ, పాడైపోయిందని."

"అన్నాను. ఇంటికెళ్ళాక నా అరలన్నీ చూసుకున్నాను." ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ప్రతి రైఫిలు కిందా చిన్న చీటీ పెడతానమ్మా. ఏ ఏడు తయారైంది, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అని. ఎందుకు అన్నచోట అన్నిటికీ ఖాళీయే. ఎవరు కోశారో, ఎందుకు కోశారో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. దీనికొక్కదానికే నాకు తెలుసు. మాస్టారు నా ఎదురుగానే చెప్పారు."

మేనకోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. డాక్టరుగారు జేబులోంచి పెన్నూ కాగితమూ తీసి నావైపు తిరిగారు.

"పాప పేరు రాసుకోవచ్చా అమ్మా?"

దిష్టి తగులుతుందని ఫోన్లో దాని ఫొటో కూడా పెట్టుకోనిదాన్ని. ఎవరి గోడకో, ఒక తుపాకీ కింద నా కూతురి పేరు! అవుననడానికీ కాదనడానికీ మధ్య నేను ఇంకా ఊగుతూనే ఉన్నాను. ఈలోగా పాప నా వెనకనుంచి బయటకి వచ్చింది. పేరు అడిగేవాళ్ళెవరైనా సరే, జాతరలో తప్పిపోతే చెప్పాలని నేను రోజూ వల్లెవేయించినదంతా అప్పజెప్పాలని దాని లెక్క. చేతులు రెండూ పక్కలకి ఆనించుకుని నిటారుగా నిలబడింది.

"నా పేరు లాస్య అండీ" అని మొదలుపెట్టి, ఇంటిపేరు, నా పేరు, వాళ్ళ నాన్న పేరు, "మాస్టారుగారి ఇల్లు, అమలాపురం, కోనసీమ జిల్లా" అని ఊపిరి తీసుకోకుండా చెప్పి, నా ఫోన్ నంబరు అందుకుంది.

డాక్టరుగారు రాస్తున్నవారు నవ్వుతూ తలెత్తారు. "నంబరు కూడా రాయాలా అమ్మా?"

"ఆయ్. తప్పిపోతే మా అమ్మకి చెయ్యాలి కదండీ."

ఆయన ఒక్క క్షణం దానివైపు చూసి, మళ్ళీ మొదట్నించి చెప్పమని, నంబరు కూడా రాసుకున్నారు.